చిలికాలో ఒక చలికాలం రోజు

బరంపురం పిల్లలకు చిలికా కొత్త కాదు. భువనేశ్వర్ వెళ్లే రైలు ఎక్కితే హుమ్మా ఉప్పు మడులు దాటాక, రంభ దగ్గర నుంచి కుడివైపు కిటికీలోంచి నీళ్లు కనిపించడం మొదలవుతాయి. ఆ వైపు సీటు కోసం మా ఇంట్లో ప్రతిసారీ గొడవే. కానీ రైలు లోంచి చూసిన చిలికా వేరు, పడవ లోంచి చూసిన చిలికా వేరు. ఆ సంగతి నాకు పోయిన జనవరిలో తెలిసింది. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. సంక్రాంతి వెళ్లిన తర్వాతి ఆదివారం మా బడి వాళ్లు ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్లను రంభకు తీసుకెళ్లారు.

పొద్దున్న ఆరున్నరకే బస్సు బయలుదేరింది. పొగమంచు ఎంత ఉందంటే ఛత్రపురం దాటే దాకా ఎదురు వచ్చే లారీల లైట్లు తప్ప ఏమీ కనిపించలేదు. అందరం స్వెట్టర్లు, మఫ్లర్లు చుట్టుకుని ఉన్నాం. గంజాం దగ్గర ఋషికుల్యా నది వంతెన మీదకు వచ్చేసరికి ఎండ పడింది. సోషల్ మాస్టారు లేచి నిలబడి, ఈ నది సముద్రంలో కలిసే చోటు నుంచి రంభ దాకా పాలూరు కాలువ అని 18 కిలోమీటర్ల కాలువ ఉందని చెప్పారు. రైళ్లు, రోడ్లు లేని రోజుల్లో సరుకులన్నీ నీళ్ల మీదే నడిచేవట. మేము బస్సులో వెళ్తున్న దారికి పక్కనే పాత నీటిదారి ఒకటి ఉందన్నమాట. నేను కిటికీ లోంచి వెతికాను గాని రోడ్డు మీదకు కనబడలేదు.

రంభ చేరేసరికి ఎనిమిది. ఒడ్డున ఉప్మా, అరటిపళ్లు తిని పడవల దగ్గరకు వెళ్లాం. రెండు మోటారు పడవలు మాట్లాడారు. మాకు నారింజ రంగు లైఫ్ జాకెట్లు ఇచ్చారు. అవి తొడుక్కుంటే అందరం ఒకేలా లావుగా కనబడ్డాం. దానికే పావుగంట నవ్వుకున్నాం. మా పడవలో పద్నాలుగు మంది పిల్లలం, తెలుగు మేడమ్, సోషల్ మాస్టారు ఎక్కాం. పడవ నడిపే ఆయనకు యాభై ఏళ్లు దాటి ఉంటాయి. తలకు తువ్వాలు చుట్టుకున్నాడు. ఒడియాలో "బొసొ, బొసొ" అంటూ మమ్మల్ని అటు ఇటు సమంగా కూర్చోబెట్టాడు. తర్వాత పొడవాటి వెదురు గెడ తీసి నీళ్ల అడుగున గుచ్చి పడవను ఒడ్డు నుంచి తోశాడు. ఆ తర్వాతే ఇంజను వేశాడు.

రంభ దగ్గర చిలికా ఒక గిన్నెలా ఉంటుంది. పడమటి వైపు తూర్పు కనుమల కొండలు నీళ్ల దాకా దిగివస్తాయి. పొద్దున్న గాలి లేదు కాబట్టి కొండలన్నీ నీళ్లలో తలకిందులుగా కనబడ్డాయి. నీళ్లు తేటగా ఉన్నాయి. పడవ అంచు మీద నుంచి వంగి చూస్తే అడుగున నాచు ఊగడం తెలుస్తోంది. లోతెంతుంటుందో అనుకుని భయపడ్డాం గాని, మాస్టారు చెప్పినదాని ప్రకారం చిలికాలో చాలా చోట్ల మూడు నాలుగు మీటర్లకు మించి లోతు ఉండదు. వానాకాలంలో ఇది 1,100 చదరపు కిలోమీటర్ల పైన పరుచుకుంటుంది, ఎండాకాలంలో 900 దాకా తగ్గుతుంది. ఇంత పెద్ద సరస్సు ఇంత తక్కువ లోతులో ఉండటం నాకు ఆశ్చర్యంగా అనిపించింది.

వెనక బెంచీలో కూర్చున్న మా వాళ్లు "డాల్ఫిన్ ఎక్కడ, డాల్ఫిన్ ఎక్కడ" అని ఒకటే గోల. ఒకడు తెలుగులో గట్టిగా, "ఈయనకి చెప్పండ్రా, డాల్ఫిన్ దగ్గరకి తోలమని" అన్నాడు. పడవ ఆయన వెనక్కి తిరిగి చూశాడు.

"ఏటి, తెలుగోలా మీరు?" అన్నాడు.

అందరం ఒక్కసారి నోరు తెరిచాం. అప్పటిదాకా ఆయనతో ఒడియాలోనే మాట్లాడుతున్నాం కదా!

"అవును బాబాయ్, బరంపురం తెలుగు బడి" అన్నాను నేను.

"అలగ సెప్పరేటి మరి! డాల్ఫిన్లు ఇక్కడ ఉండవమ్మా. అయి సాతపడా దరి, మొగ కాడ ఉంటాయి. ఎప్పుడైనా దారి తప్పి వొస్తే నాకు తెలీదు గాని, నేను మాత్రం ఉన్నాయని అబద్దం సెప్పను" అన్నాడు.

డాల్ఫిన్లు లేవన్నందుకు మా వాళ్లు నీరసపడ్డారు. నాకు మాత్రం 'మొగ' అన్న మాట దగ్గరే ఆగిపోయింది. మొగ అంటే ఏమిటని మేడమ్‌ను అడిగాను. మేడమ్ నవ్వి, "నన్ను కాదు, ఆయన్నే అడుగు" అన్నారు.

"మొగ అంటే మొగే. సముద్రం లోపలికి వొచ్చే తలుపు" అన్నాడాయన.

మన సోషల్ పుస్తకంలో దాన్ని ముఖద్వారం అని రాశారు. ఒడియాలో ముహాణ. మూడూ ఒకటే. మాస్టారు ఆ మాట పట్టుకుని ఒక పాఠమే చెప్పేశారు. కానీ పడవలో కూర్చుని విన్నందుకో ఏమో, అది పాఠంలా అనిపించలేదు.

చిలికాలోకి ఒకవైపు మహానది పాయలైన దయా, భార్గవీ నదుల నుంచి మంచినీళ్లు వస్తాయి. ఇంకోవైపు మొగ లోంచి సముద్రపు ఉప్పునీళ్లు వస్తాయి. రెండూ కలిస్తేనే ఇక్కడి చేపలు, రొయ్యలు, పీతలు బతుకుతాయి. నదులు మట్టి తెచ్చిపోస్తాయి, సముద్రం ఇసుక తోస్తుంది, దాంతో పాత మొగ నెమ్మదిగా పూడుకుపోయింది. నీళ్లలో ఉప్పు తగ్గింది, కలుపు పెరిగింది, చేపలు తగ్గాయి. 1981లో రామ్‌సర్ ఒప్పందం కింద మన దేశం నుంచి మొదటిసారి చేర్చిన రెండు చిత్తడి నేలల్లో చిలికా ఒకటి. అలాంటిది 1993లో ప్రమాదంలో ఉన్న వాటి జాబితాలోకి వెళ్లింది. 2000 సెప్టెంబరులో కొత్త మొగ తవ్వారు. దాంతో సముద్రానికి దారి 18 కిలోమీటర్లు తగ్గింది. 1999-2000లో చేపల రాబడి 1,700 టన్నుల చిల్లర ఉంటే, 2001-02లో 11,000 టన్నులు దాటింది. 2002లో చిలికాను ప్రమాద జాబితా నుంచి తీసేశారు.

పడవ ఆయన ఇదంతా వింటూ తల ఊపాడు. "మాస్టారు సెప్పింది నిజమే. మా నాన్న ఉన్నప్పుడు వలేస్తే నాచే వొచ్చేది. కొత్త మొగ తీసినాక మళ్లీ పీత కనబడింది. కాని ఇక్కడికి పోటు సరిగ్గా రాదు. మొగ దూరం కదా" అన్నాడు. పోటంటే సముద్రం లోపలికి వచ్చేది, పాటంటే వెనక్కి వెళ్లేది అని మాకు చేత్తో చూపించాడు. మేము పుస్తకంలో ఆటుపోట్లు అని చదువుకున్నాం. కాని అందులో ఏది వచ్చేది, ఏది పోయేది అంటే మా తరగతిలో ఒక్కరూ చెప్పలేకపోయాం.

ముందు ఒక రాతి దిబ్బ దగ్గరకు వెళ్లాం. నీళ్ల మధ్య బండ మీద ఒక చిన్న గది, పైన ఒక స్తంభం. 18వ శతాబ్దం చివర్లో గంజాం కలెక్టరుగా ఉన్న స్నోడ్‌గ్రాస్ కట్టించాడని చెబుతారు. రంభ ఒడ్డున పెద్ద బంగళా కట్టించింది కూడా ఆయనే. అప్పుడు ఈ జిల్లా మద్రాసు వాళ్ల పాలనలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఇటు కలిసింది. గీత అటు ఇటు జరిగింది గాని మనుషులు ఎక్కడివాళ్లు అక్కడే ఉన్నారు. మా ముత్తాత గారు ఇల్లు మారకుండానే రాష్ట్రం మారారని మా నానమ్మ ఇప్పటికీ అంటుంది.

తర్వాత పక్షుల దీవి. దూరం నుంచి చూస్తే బండలకు ఎవరో సున్నం వేసినట్టు తెల్లగా ఉన్నాయి. దగ్గరకు వెళ్తే అది సున్నం కాదు, పక్షుల రెట్ట! మా వాళ్లు ముక్కులు మూసుకున్నారు. అక్కడ పడవ ఆయన ఇంజను ఆపేశాడు. "మాట్లాడకండి. మోటారు సప్పుడుకి అయి లేచిపోతాయి" అని గెడతో మెల్లగా తోశాడు. పద్నాలుగు మంది పిల్లలం అయిదు నిమిషాల పాటు నోరు మెదపకుండా కూర్చోవడం మా మాస్టార్లు కూడా ఎప్పుడూ చూసి ఉండరు. నీటికాకులు బండల మీద రెక్కలు చాచి ఎండకు ఆరబెట్టుకుంటున్నాయి. ఒక గరుడ పక్షి మా తలల మీద గుండ్రంగా తిరిగింది. కొంచెం దూరాన నీళ్ల మీద నల్లగా మచ్చలు మచ్చలుగా కనిపించినవి బాతులు. చలికాలంలో హిమాలయాల అవతల నుంచి కూడా ఇక్కడికి పక్షులు వస్తాయి. ఏటా జనవరిలో అటవీ శాఖ వాళ్లు లెక్క పెడతారు. ఈ మధ్య ఏళ్లలో ఆ లెక్క పది లక్షలు దాటుతోంది. ఎక్కువ పక్షులు నలబణ దీవి దగ్గరా, మంగళజోడి దగ్గరా ఉంటాయి. మంగళజోడిలో ఒకప్పుడు పక్షులను వేటాడినవాళ్లే ఇప్పుడు వాటికి కాపలా కాస్తున్నారు.

మధ్యాహ్నం బర్కుడా దీవి పక్కన పడవ కట్టుకుని పులిహోర, పెరుగన్నం తిన్నాం. ఈ దీవి గురించి సైన్సు ఇష్టపడేవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. 1917లో నెల్సన్ అన్నండేల్ అనే శాస్త్రవేత్త ఇక్కడి నుంచి ఒక జీవిని లోకానికి పరిచయం చేశాడు. అది బల్లుల కుటుంబానిదే, కానీ కాళ్లు ఉండవు. మట్టిలో ఉంటుంది, చూడటానికి వానపాములా ఉంటుంది. ఈ దీవి పేరు మీదనే దానికి బర్కుడియా అని పేరు పెట్టారు. ఆ మాట చెప్పగానే మా వాళ్లలో సగం మంది కాళ్లు పైకి పెట్టుకున్నారు.

తినేటప్పుడు మేడమ్ కాళీజాయి కథ చెప్పారు. జాయి అనే పిల్లను పెళ్లి చేసి అత్తవారింటికి చిలికా మీద పడవలో పంపిస్తుంటే గాలివాన వచ్చి పడవ మునిగిందట. అందరూ దొరికారు, జాయి దొరకలేదు. ఆ పిల్లే దేవతైందని దీవి మీద గుడి కట్టారు. మకర సంక్రాంతికి అక్కడ పెద్ద జాతర జరుగుతుంది. పడవ ఆయన, "పోయిన వారం మా పడవలన్నీ అటే" అన్నాడు.

పెళ్లి మాట వచ్చినందుకేమో, ఆయన కాసేపు ఊరుకుని, ఇంజను పక్కన ఉన్న రేకు పెట్టె తెరిచాడు. అందులో స్పానర్లు, నూనె గుడ్డలు ఉన్నాయి. వాటి కింద నుంచి ప్లాస్టిక్ సంచీలో చుట్టిన ఒక శుభలేఖ తీశాడు.

"పాపా, నీకు సదవడం వొచ్చా? తెలుగు?" అని నన్నే అడిగాడు.

వాళ్ల అన్న కూతురి పెళ్లట, మాఘంలో. ఆయన తాత శ్రీకాకుళం వైపు బారువ దగ్గర పల్లె నుంచి ఇటు వచ్చి ఉండిపోయాడు. ఆ తర్వాత అన్న మళ్లీ బారువ వెళ్లిపోయాడు, ఈయన రంభలోనే ఉన్నాడు. తండ్రి పోయి చాలా ఏళ్లయింది. పెళ్లి తేదీ ఫోనులో చెప్పారు, అది తెలుసు. కానీ శుభలేఖ వచ్చిన వారం నుంచీ చదివేవాళ్లు దొరకలేదు. ఆయనకు చదువు రాదు. కొడుకు ఒడియా బడిలో చదివాడు, తెలుగు మాట్లాడతాడు గాని అక్షరాలు రావు.

నేను పైనుంచి చదివాను. ముహూర్తం రాత్రి పూట. పెళ్లికూతురు పేరు ముందు 'చి.ల.సౌ.' అని ఉంది. ఆయన చెవి ఒగ్గి వింటున్నాడు గాని ఇంకేదో కోసం చూస్తున్నట్టు అనిపించింది. ఆ పిల్ల పేరు కింద సన్న అక్షరాలతో, కీ.శే. అని పెట్టి ఒక పేరు, ఆ పేరు పక్కన 'రంభ' అని ఊరు, 'గారి పౌత్రి' అని ఉంది. అది చదవగానే ఆయన, "అది మా నాన్న" అన్నాడు. తర్వాత "రంభ అని రాసినాడా?" అని అడిగాడు. రాశారన్నాను. "మళ్లీ సదువు" అన్నాడు. మళ్లీ చదివాను. ఆ అక్షరాలు ఎక్కడున్నాయో వేలు పెట్టి చూపించమన్నాడు. చూపించాను.

"కీశే అంటే ఏటి?" అన్నాడు.

మేడమ్ చెప్పారు. "కీర్తిశేషులు. మనిషి వెళ్లిపోయినా మంచిపేరు మిగిలి ఉందని."

ఆయన ఏమీ అనలేదు. శుభలేఖ మళ్లీ సంచీలో చుట్టి, ఈసారి రేకు పెట్టెలో కాకుండా చొక్కా లోపల పెట్టుకున్నాడు. మా వాళ్లలో ఎప్పుడూ అల్లరి చేసేవాళ్లు కూడా ఆ కాసేపు కిక్కురుమనలేదు. కాసేపటికి, "మా అన్న రంభని మరిచిపోయినాడనుకున్నాను" అని మాత్రం అన్నాడు. లేచి గెడ అందుకున్నాడు.

మధ్యాహ్నం రెండు దాటాక గాలి లేచింది, చిన్న చిన్న అలలు పడవకు కొట్టడం మొదలయ్యాయి. తిరిగి వచ్చే దారిలో వెదురు బొంగులు పాతి కట్టిన వలలు చాలా చూశాం. పీతలు, రొయ్యలు ఆ వల గోడ వెంట నడిచి చివర ఉన్న పెట్టె వలలో పడతాయట. అవి చిన్నవాళ్ల వలలు. పెద్ద పెద్దగా కట్టలు వేసి, నీళ్లనే ఆక్రమించి రొయ్యలు పెంచడం వేరు. దానివల్ల మామూలు జాలరులకు చోటు లేకుండా పోయింది. 1996లో సుప్రీంకోర్టు, చిలికాకూ మన తెలుగువాళ్లకు తెలిసిన పులికాట్‌కూ 1,000 మీటర్ల లోపు రొయ్యల చెరువులు ఉండకూడదని తీర్పు ఇచ్చిందని మాస్టారు చెప్పారు.

నేను పడవ చివరకు వెళ్లి ఆయన పక్కన కూర్చుని మాటలు అడగడం మొదలుపెట్టాను. పడవను తిప్పేది చుక్కాని. పొద్దున్న కొండల వైపు నుంచి వచ్చేది కొండగాలి. వాళ్ల తాత సముద్రం మీదకు వెళ్లింది తెప్ప మీద, నాలుగు దుంగలు తాళ్లతో కట్టినది. ఇంజన్లు లేని రోజుల్లో వాళ్ల నాన్న చాప ఎత్తి నడిపేవాడట. చాప అంటే కూర్చునే చాప అనుకుని నేను నవ్వాను. అది తెరచాప. నా దగ్గర కాగితం లేక పులిహోర పొట్లం కట్టిన పేపరు అంచు మీద అన్నీ రాసుకున్నాను. నేను రాస్తుంటే ఆయన వంగి చూసి, "ఇంత చిన్నగా ఉంటదా మొగ?" అన్నాడు. రెండే అక్షరాలు కదా.

సాయంత్రం నాలుగింటికి ఒడ్డు చేరాం. లైఫ్ జాకెట్లు ఇచ్చేశాం. ఖాళీ సీసాలు, కవర్లు లెక్కపెట్టి ఒక సంచీలో వేసి మాతోనే తెచ్చుకున్నాం. బస్సులో అందరూ నిద్రపోయారు.

ఇప్పుడు నేను పదో తరగతి. చుట్టాలు ఇంటికి వస్తే, "ఒడిశాలో ఉండి తెలుగు చదివి ఏం చేస్తావమ్మా?" అని అడుగుతుంటారు. ఇదివరకు నా దగ్గర జవాబు ఉండేది కాదు, అమ్మ వైపు చూసేదాన్ని. ఇప్పుడు శుభలేఖ సంగతి చెబుతాను. కొందరు నవ్వుతారు, ఒక శుభలేఖ చదవడానికి పదేళ్ల చదువా అని. కానీ వారం రోజులు ఆ కాగితం పెట్టెలో ఉంది. బారువలో రాసిన మాట రంభ దాకా వచ్చి, చదివే కళ్లు లేక ఆగిపోయింది. అది చిన్న సంగతి అని నేను అనుకోను.

ఇంకో సంగతి కూడా ఉంది. నా దగ్గర అక్షరాలు ఉన్నాయి గాని ఆ నీళ్ల మీది మాటలు ఒక్కటీ లేవు. అవి ఆయన దగ్గర ఉన్నాయి, ఆయన దగ్గర అక్షరాలు లేవు. మా ఇద్దరిలో ఎవరి తెలుగు పెద్దదో నాకు తెలియదు. గోపాలపురం ఒడ్డున, ఇంకా గంజాం తీరం పొడవునా ఉన్న జాలరి పల్లెల్లో ఇలాంటి తెలుగు మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు. ఒడియావాళ్లు వాళ్లను నొళియా అంటారు. వాళ్ల పిల్లల్లో మన బడికి వచ్చేవాళ్లు ఉన్నారు. వాళ్ల ఇళ్లలో ఉన్న మాటలు మన పుస్తకాల్లో లేవు.

ఆ పేపరు అంచు మీద ఉన్న మాటలన్నీ నేను ఒక నోటుబుక్కులోకి ఎక్కించాను. మొగ, పోటు, పాటు, గెడ, చుక్కాని, కొండగాలి, తెప్ప, చాప. మా నానమ్మ వంటింటి మాటలు కొన్ని చేర్చింది. మా తరగతిలో గోపాలపురం నుంచి వచ్చే అబ్బాయి వాళ్ల నాన్నను అడిగి వలల పేర్లు అయిదు తెచ్చాడు. నోటుబుక్కు తెలుగు మేడమ్ బల్ల సొరుగులో ఉంటుంది. మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి మాటలు వస్తే వచ్చి అందులో రాయండి. రాయడం రాకపోతే చెప్పండి, నేను రాస్తాను. ఇంకా చాలా పేజీలు ఖాళీగా ఉన్నాయి.